ఎండలో నేను, నీడలో ఆయన

ధర్మవరంలో మా ఆయన స్కూల్లో సైన్సు చెప్పేవాడు. ఒక వేసవిలో బెంగుళూరు నుంచి ఎండపొయ్యి తెచ్చినాడు. తిరగేసిన గొడుగు మాదిరి పెద్ద అల్యూమినియం పళ్లెం, దాని నడుమ గిన్నె పెట్టేదానికి ఒక కమ్మి.

సాయంత్రమైతే స్నేహితులను కూర్చోబెట్టుకుని, ఎడారుల్లో పడే ఎండను పట్టుకుంటే ప్రపంచమంతటికీ కరెంటు ఇయ్యొచ్చని చెప్పేవాడు. మా ఇంట్లో అప్పటికింకా కిరోసిన్ దీపమే.

పప్పు ఉడికేది, అది అబద్ధం కాదు. కానీ సూర్యుడు జరిగినప్పుడల్లా పళ్లెం తిప్పాల. ఆ పని నాది. ఆయన వసారా నీడలో పడక్కుర్చీలో కూర్చుని, "ఇంకొంచెం పడమరకు తిప్పవే" అనేవాడు. మాడు పగిలే ఎండలో నన్ను నిలబెట్టి ప్రపంచాన్ని ఉద్ధరించే మొనగాడు!

ఒకరోజు పెట్టె సర్దుకున్నా. "పెనుకొండకు పోతాండా, మా అమ్మ దగ్గరికి. ఎండ ఉండాది, మీరుండారు, వండుకోండి" అన్నా.

వారం తర్వాత తిరిగొస్తే పళ్లెం నిండా దుమ్ము. ఈయన రోజూ హోటల్లో తిన్నాడంట. పైగా వసారాలో స్నేహితులతో, "మంచి సాధనమేనప్పా, మన ఆడోళ్లకే ఓపిక లేదు" అంటాండాడు.

నేను పోయి కమ్మి ఊడబీకి, అందరూ చూస్తుండగానే ఆ పళ్లెంలో కుడితి పోసి మా పాడి ఎనుము ముందర పెట్టినా.

మరుసటి ఏడు హిందూపురం సభలో కూడా ఆయన ఎడారుల గురించి ఉపన్యాసమిచ్చినాడు. చప్పట్లు బాగా కొట్టినారంట.