'అటార్న్' అనే మాటకు నేను చెప్పిన అర్థం

రిటైర్ కావడానికి ఆరేళ్ళ ముందు, వేసవి సెలవులు ముగిసిన వారంలో, పుదుచ్చేరిలో ఇంటి అద్దె కేసులు వినే ఒక కోర్టుకు నన్ను దుబాసీగా వేశారు. దుబాసీ అన్నది పాత మాట, ఆర్డరులో ఇంటర్‌ప్రెటర్ అనే ఉండేది. బెంచి క్లర్కుకు ఒక మెట్టు కింద, బంట్రోతుకు ఒక మెట్టు పైన. వకీలు ఇంగ్లీషులో అడిగింది సాక్షిని తెలుగులో అడగాలి, సాక్షి చెప్పింది ఇంగ్లీషులో చెప్పాలి. సొంతంగా ఒక్క మాట కలపకూడదు. అప్పటికే ఇరవై ఎనిమిదేళ్ళుగా అదే పని. గొంతు అరిగిపోయింది, ఓపిక అంతకన్నా ముందే అరిగిపోయింది.

ఆ రోజు సాక్షి ఎం. కుప్పమ్మ. వైట్ టౌన్ అంచున ఒక సందులో ఆమెది ఇస్త్రీ కొట్టు, అత్తగారి కాలం నుంచీ అక్కడే. చుట్టుపక్కల గెస్ట్‌హౌసుల దుప్పట్లన్నీ ఆమె బొగ్గుల పెట్టె కిందికే వచ్చేవి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, చదువు ఏ భాషలోనూ లేదు. సాక్ష్యం ఇంటి భాషలోనే చెబుతానంది. ఆ కట్టడాన్ని పాత యజమాని అమ్మేశాడు. కొన్నాయన, ఈమె తనను యజమానిగా ఒప్పుకోవడం లేదని, ఖాళీ చేయించాలని కేసు వేశాడు. అద్దె కేసుల్లో అది గట్టి కారణమే. రుజువైతే కొట్టు పోతుంది.

ఆయన వకీలు అడిగిన ప్రశ్నలో 'అటార్న్' అనే క్రియ వచ్చింది. కట్టడం చేతులు మారినప్పుడు అద్దెకున్నవాళ్ళు కొత్త యజమానిని తమ యజమానిగా ఒప్పుకోవడమని దాని అర్థం. పాత ఫ్రెంచి నుంచి వచ్చిన మాట. ఒకరి వైపు నుంచి ఇంకొకరి వైపు తిరగడమన్నది మూలం. మన పని అప్పజెప్పే అటార్నీ కూడా ఈ మాటకు చుట్టమే. ఆ ఒప్పుకోలును అటార్న్‌మెంట్ అంటారు. అది మాటతో కావచ్చు, చేతతో కావచ్చు, రాతతోనూ కావచ్చు. ఇదంతా ఇప్పుడు చెబుతున్నాను. ఆ పూట నాకు తెలిసింది అటార్న్‌మెంట్ లెటర్ ఒక్కటే, కేసు కట్టల్లో ఎప్పుడూ ఆ కాగితమే చూశాను కనుక. అర్థం అడిగి ఉండొచ్చు. కొడుకు వయసున్న వకీలు ముందు అడగడానికి మొహం చెల్లలేదు.

"కొత్తాయనే యజమాని అని కాగితం రాసిచ్చావా, అక్కా?" అన్నాను.

"నాకు రాత యాడ వచ్చు? లేదు," అంది.

నేను 'నో' అన్నాను. టైపిస్టు కొట్టేసింది. కొత్త యజమానిని ఒప్పుకోలేదని ఆమే చెప్పినట్టు రికార్డులో పడింది. ఆమె తరఫు జూనియరు వకీలుకు తెలుగు రాదు, తలవంచుకుని అదే రాసుకున్నాడు. అవతలి వకీలు కూర్చున్నాడు. కావలసింది దొరికాక వాళ్ళు ఇంకో ప్రశ్న వేయరు.

భోజనం వేళ ఆమె వరండాలో నన్ను పట్టుకుంది.

"ఏంది తమ్ముడూ, కాగితం కాగితం అంటావు? ఆయన ఇల్లు కొన్న నెలే వెత్తలపాక్కు పెట్టి, దాంట్లో మొదటి వాడగ పెట్టి ఆయన పెండ్లాం చేతికి ఇస్తిని గదా. ఆయమ్మ కుంకం పెట్టి పంపె. ఓనరు మారితే మనం చేసేది అదే గదా!"

వెత్తలపాక్కు అంటే ఆకూ వక్కా, వాడగ అంటే అద్దె. యజమాని మారితే మొదటి అద్దె తాంబూలంలో పెట్టి ఇవ్వడం మా వాళ్ళలో పాత పద్ధతి. మా అమ్మ చేయగా చూశాను. తెలిసినవాణ్ణయి ఉండీ ఆమె నోట లేదనిపించాను. సిగ్గేసింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, లైబ్రరీకి పోయి న్యాయ నిఘంటువు తీశాను. సాక్ష్యాన్ని సాక్షికి చదివి వినిపించాకే వేలిముద్ర వేయించాలని నియమం. మా దగ్గర ఎవరూ చదవరు, వేలు పట్టుకుని ముద్ర వేయించడమే అలవాటు. కోర్టు మళ్ళీ కూర్చోగానే లేచి, చదివి వినిపించడానికి అనుమతి అడిగాను. నేను తప్పుగా అడిగానని, ఏ మాటల్లో అడిగానో చెప్పాను. జడ్జిగారు గడియారం వైపు చూశారు. సాక్షితో వరండాలో మాట్లాడిన దుబాసీని ఎలా నమ్మడమని అవతలి వకీలు లేచాడు. ఆ అభ్యంతరంలో తప్పేమీ లేదు. అది నేను చేయకూడని పనే.

జడ్జిగారు ప్రశ్న మళ్ళీ వేయించారు. ఈసారి సరిగ్గా అడిగాను.

"ఒప్పుకోకుంటే వెత్తలపాక్కు ఎందుకు ఇస్తా?" అంది కుప్పమ్మ.

తర్వాతి వాయిదాకు కొన్నాయన్ను మళ్ళీ బోనెక్కించారు. తాంబూలం అందిన మాట నిజమేనని, మర్యాదకు ఇచ్చిందనుకున్నానని ఆయన చెప్పాడు. కేసు కొట్టేశారు. కొన్నాళ్ళకు, కట్టడం పడగొట్టి కట్టుకోవాలంటూ ఆయన ఇంకో కేసు వేశాడు. అది ఇంకా నడుస్తోంది, కొట్టూ నడుస్తోంది.

సాక్షితో మాట్లాడినందుకు నాకు మెమో ఇచ్చారు. సంజాయిషీ రాసిచ్చాను. రెండూ నా ఫైల్లోనే ఉన్నాయి. అప్పటి నుంచి తెలియని మాట వచ్చినప్పుడల్లా లేచి, ఈ మాట నాకు తెలియదు, అర్థం చెప్పించండి అని అడిగేవాణ్ణి. వకీళ్ళు నవ్వేవారు, జడ్జీలు విసుక్కునేవారు. 'తెలియదు' అన్న ఒక్క మాట కోర్టులో పలకడానికి నాకు ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసు పట్టింది. అంతకు ముందు తెలియకుండానే ఎందరి చేత 'లేదు' అనిపించానో, ఆ లెక్క ఏ ఫైల్లోనూ లేదు.