పడుగు పక్కన ఎండలో

మొన్న కొత్త నేతచీర మడత విప్పగానే గంజి వాసన గుప్పుమంది.

ఏడేళ్లప్పుడు నాకు గోధుమలు, పాలు పడేవి కావు. తిన్నది ఒంటికి పట్టక పుల్లలా ఉండేదాన్ని. దవాఖానలో వద్దన్నవి పోను, అమ్మ రాగులూ పెసర్లూ కలిపి గంజి కాచేది.

పొద్దున్నే బాపు వీధి పొడవునా మగ్గానికెక్కించే పడుగు సాగదీసి, కుంచెతో నూలుకు గంజి పట్టించేవాడు. వందల పోగులు ఎండలో మెరిసేవి.

"గంజి వట్టిస్తెనే పోగు గట్టిగైతది బిడ్డా."

నా కడుపులోనూ పోగులే ఉన్నాయనుకున్నాను. గంజి తాగి, పడుగు పక్కనే చాప మీద కాళ్లూ చేతులూ చాచి, కదలకుండా ఆరేదాన్ని. లోపల ఒక్కో పోగూ బిగుసుకుంటుంటే ఊపిరి బిగబట్టి వినేదాన్ని.

బాపు నవ్వేవాడు కాదు. కుంచె పక్కన పెట్టి, వచ్చి తడిమి చూసేవాడు.

"గీ దిక్కు ఆరింది. జర గటు తిరుగు."

చర్మం కింద ఒక్కొక్కటీ లెక్కపెట్టేలా తేలిన నా పక్కటెముకల మీద ఆయన చెయ్యి ఎందుకంతసేపు ఆగేదో ఇప్పుడు తెలుస్తోంది.