నోహేలియా టీచరు తాళంచెవి

లా ఎస్మెరాల్డా కొండమీది బడికి వచ్చిన మొదటి ఏడాది నోహేలియా టీచరు అన్ని పనులూ తనే చేసింది. ఊడ్చింది, వాగు దగ్గరినుంచి నీళ్లు మోసింది, మధ్యాహ్నం పిల్లలకు చిక్కుడుగింజలు ఉడకబెట్టింది, వాళ్ల గోళ్లు కూడా కత్తిరించింది. ఒకటే గది, అందులోనే అయిదు తరగతులు, ముప్ఫై నలుగురు పిల్లలు. పిల్లలు మాత్రం పెళ్లివారిలా బెంచీలమీద కూర్చుని చూశారు. ఏడాది తిరక్కుండానే ఆవిడ జ్వరంతో మంచమెక్కింది. వారం రోజులు బడి మూతపడింది.

ఆ తర్వాత శిక్షణ కోసం పట్టణానికి వెళ్లి కొత్త పద్ధతి నేర్చుకొచ్చింది. బడి పిల్లలదైనప్పుడు బడి పనులూ పిల్లలవే. మార్చి నెలలో చీటీల మీద ఓట్లు వేసి కమిటీలు ఎన్నుకున్నారు. తోటకి ఒకటి, శుభ్రతకి ఒకటి, భోజనాలకి ఒకటి, హాజరుకి ఒకటి. గోడకి పెద్ద అట్ట వేలాడదీశారు. పొద్దున్నే వచ్చిన ప్రతివాళ్లూ తమ పేరు ఎదురుగా ఉన్న గడిలో తామే గీత పెట్టుకోవాలి. మొదటి వరుసలో టీచరు పేరే ఉంటుంది. ఆవిడ గీత ఎర్ర పెన్సిలుతో.

ఊళ్లో గొడవ రాకుండా ఎలా ఉంటుంది? కాఫీ తోట ఉన్న అర్సేసియో బడి గుమ్మంలోకే వచ్చి నిలబడ్డాడు.

"మావాణ్ణి చదువుకి పంపితే చీపురు చేతికిస్తారా? చీపురు మా ఇంట్లోనూ ఉంది టీచరుగారూ."

"ఉంటుంది, ఎందుకుండదు? మీరెప్పుడైనా దాన్ని ముట్టుకున్నారా అర్సేసియోగారూ?"

పిల్లలు ముఖాలు పుస్తకాల్లో దాచుకుని నవ్వారు. ఆయన టోపీ సర్దుకుని వెళ్లిపోయాడు.

అన్నిటిలోకీ కష్టమైనది హాజరు కమిటీ పని. ఎవరైనా రెండు రోజులు రాకపోతే, ముగ్గురు పిల్లలు నోటుబుక్కు పట్టుకుని ఆ ఇంటికి వెళ్లాలి. ఎందుకు రాలేదు, ఎప్పుడు వస్తారు, ఇంట్లోవాళ్ల సంతకం. ఈ మూడూ రాయించుకు రావాలి. నిజం కానిది రాయకూడదు. రాకపోయినవాళ్ల పని బడిలో ఇంకెవరు చేస్తున్నారో కూడా అదే పేజీలో అడుగున రాయాలి, పని ఇచ్చినవాళ్ల పేరు, పుచ్చుకున్నవాళ్ల పేరుతో సహా.

ఆ ఏడాది కోతలప్పుడు అర్సేసియో కొడుకు హెర్నాండో నాలుగు రోజులు రాలేదు. ముగ్గురు పిల్లలు తోటలోకే వెళ్లి మొక్కల మధ్య నిలబడ్డారు.

"కారణం ఏం రాయమంటారండీ?" అని వాళ్లలో పెద్దపిల్ల అడిగింది.

"జ్వరమని రాసుకో."

"అడుగో, బుట్ట కట్టుకుని కాయలు కోస్తున్నాడు కదండీ."

"అయితే కోతలని రాయి, పోయేదేముంది?"

"రాశానండీ. ఇక్కడ మీ సంతకం పెట్టండి."

కూలీలందరూ కొయ్యడం ఆపి చూస్తున్నారు. చూసిచూసి అర్సేసియో సంతకం పెట్టకుండానే పెన్సిలు తిరిగిచ్చేశాడు. మర్నాడు హెర్నాండో అందరికన్నా ముందు బడికొచ్చి తన గడిలో గీత పెట్టుకున్నాడు.

అన్నిసార్లూ అలా జరగలేదు. తుపాకులవాళ్లు కొండల్లో తిరిగిన ఏడు, ఎడిల్మా అనే పిల్ల రెండు రోజులు రాలేదు. కమిటీ వెళ్లింది. తలుపు తెరిచే ఉంది, పొయ్యిమీద గిన్నె ఉంది, వాకిట్లో కోళ్లు తిరుగుతున్నాయి, మనుషులు లేరు. పిల్లలు నోటుబుక్కులో "అడగడానికి ఎవరూ లేరు" అని రాసుకొచ్చారు. ఆ పేజీ చూసి నోహేలియా పిల్లల ముందే ఏడ్చింది. ఏడాది ఆఖరు దాకా అట్టమీద ఎడిల్మా పేరు చెరపనివ్వలేదు.

ఆ ఏడునుంచి ఒక్క పని మాత్రం ఆవిడ ఏ పిల్లలకీ అప్పజెప్పలేదు. అది బడి తాళంచెవి. రోజులు మంచివి కావు, అది పెద్దవాళ్లు మొయ్యాల్సిన బరువు అంది. తర్వాత రోజులు బాగుపడ్డాయి. తాళంచెవి మాత్రం ఆవిడ మెడలోని తాడుకే ఉండిపోయింది. పెళ్లి చేసుకోలేదు, పిల్లల్లేరు. పొద్దున్నే ఆ తలుపు తియ్యడమే ఆవిడ సంసారం. దాన్ని ఇంకొకరి చేతిలో పెట్టాలంటే ఆవిడకి ప్రాణం ఒప్పేది కాదు, అంతే.

బడికొచ్చిన ముప్ఫై ఒకటో ఏడు మే నెలలో ఆవిడకి కడుపునొప్పి వచ్చింది. పిల్లలకి మాత్రం పంటినొప్పి అని చెప్పింది. నాలుగు రోజుల్లో వచ్చేస్తానని పట్టణంలో ఉన్న చెల్లెలు ఫాబియోలా ఇంటికి వెళ్లింది. విద్యాశాఖ ఆఫీసుకీ నాలుగు రోజుల సెలవనే రాసింది, అందుకే బదులు టీచరును ఎవరూ పంపలేదు. డాక్టరు పరీక్షలన్నీ చూసి, ఫాబియోలాని పక్కకి పిలవబోయాడు. "జబ్బు నాది, నాకే చెప్పండి" అంది నోహేలియా. ఆయన చెప్పాడు. లివరు దాకా పాకింది, కోసి తియ్యడానికి లేదు, మూడు నెలలు గడిస్తే గొప్ప. ఇంటికొచ్చి మంచమ్మీద పడుకుని, మెడలో తాళంచెవి గుప్పిట్లో పట్టుకుని, వచ్చే సోమవారం వెళ్తానంది. ఆ సోమవారం రానే వచ్చింది. ఆవిడ లేవలేకపోయింది.

పన్నెండో రోజు మధ్యాహ్నం ఇంటిముందు జీపు ఆగింది. దిగినవాడు హెర్నాండో. ఇప్పుడు ఆ జీపు అతనిదే, కొండమీది కాఫీ బస్తాలు దించుకొస్తాడు. అతని వెనక పదేళ్ల కూతురు లుజ్దారీ, ఇంకో ఇద్దరు చిన్నపిల్లలు. ముగ్గురూ తలలు తడిపి దువ్వుకుని వచ్చారు. లుజ్దారీ చంకలో నోటుబుక్కు ఉంది. అది చూడగానే వాళ్లెందుకొచ్చారో నోహేలియాకి తెలిసిపోయింది.

ఫాబియోలా బెల్లంపానకం, జున్నుముక్కలు తెచ్చిపెట్టింది. ఎవరూ ముట్టుకోలేదు.

"పన్నెండు రోజులైంది టీచరమ్మా. రెండు రోజులకే రావాలి. నాన్న జీపు ఖాళీ లేదు, తప్పు మాదే." లుజ్దారీ పేజీ తీసింది. "కారణం ఏం రాయమంటారు?"

"పంటినొప్పి అని రాయమ్మా."

పిల్ల పెన్సిలు కదపలేదు. ఆవిడ ముఖంలోకి, దుప్పటి కింద ఎత్తుగా ఉన్న పొట్టవైపు చూసింది.

"నిజం కానిది రాయకూడదన్నారు కదండీ" అంది, మెల్లగా.

హెర్నాండో "లుజ్దారీ" అని కోప్పడబోయాడు. నోహేలియా చెయ్యి అడ్డం పెట్టింది.

"దాన్ని అననీ హెర్నాండో. రాయి తల్లీ. కడుపులో జబ్బు. తగ్గేది కాదు."

లుజ్దారీ రాసింది. చాలాసేపు పట్టింది. చిన్నవాడు ఏడుపు మొదలెట్టాడు. రెండో గడి దగ్గర లుజ్దారీ పెన్సిలు ఆగింది. ఎప్పుడు వస్తారు. ఆ పిల్ల అడగలేదు, పేజీ మాత్రం టీచరువైపు తిప్పింది. నోహేలియా పెన్సిలు తీసుకుని ఆ గడిలో అడ్డంగా గీత గీసింది.

ఇంట్లోవాళ్ల సంతకానికి ఫాబియోలా కోసం చూశారు. ఆవిడ వంటింట్లో చేతిగుడ్డతో నోరు మూసుకుని ఉంది. హెర్నాండో ముందుకొచ్చి, "నేను పెట్టచ్చా టీచరమ్మా?" అని అడిగాడు. ఆవిడ తలూపింది. ముప్ఫై ఏళ్ల కింద తండ్రి పెట్టలేకపోయిన చోట అతను సంతకం పెట్టాడు.

"పాఠాలెలా చదువుతున్నారు?" అని అడిగింది నోహేలియా.

"పెద్దవాళ్లం చిన్నవాళ్లకి చెబుతున్నాం. నీళ్లు, తోట, అన్నీ ఎవరివి వాళ్లే చేస్తున్నారు. కానీ అట్ట లోపల ఉండిపోయింది, అందుకని హాజరు గోడమీద బొగ్గుతో పెట్టుకుంటున్నాం."

"లోపలంటే?"

"వరండాలో కూర్చుంటున్నాం టీచరమ్మా. తాళం వేసి ఉంది కదండీ."

"పన్నెండు రోజులూనా? వానలో?"

"గోడకి ఆనుకుంటే పెద్దగా తడవం."

తాళం పగలగొడదామని ఊళ్లోవాళ్లు అన్నారట, పిల్లలే వద్దన్నారట. అది టీచరమ్మ పని, ఆవిడ అప్పజెప్పకుండా ఎవరూ చెయ్యకూడదని. హెర్నాండో అది చెప్పి తల దించుకున్నాడు.

నోహేలియా కళ్లు మూసుకుంది. ముప్ఫై ఒక్క ఏళ్లు వీళ్లకి నేర్పిందంతా వీళ్లు వానలో కూర్చుని పాటించారు, తనొక్కతే పాటించలేదు. తాళంచెవి ఇస్తే మళ్లీ బడికి వెళ్లేది లేదని ఒప్పుకున్నట్టే. ఇవ్వకపోతే రేపు కూడా ఆ పిల్లలు తడుస్తారు. ఆవిడ లేచి కూర్చోవడానికి హెర్నాండో సాయం పట్టాడు. తాడు మెడలోంచి తియ్యబోతే జుట్టుకి చిక్కుకుంది, లుజ్దారీ విడదీసింది.

"అడుగున రాయమ్మా. ఇచ్చినవాళ్లు నోహేలియా. పుచ్చుకున్నవాళ్లు లుజ్దారీ."

పిల్ల రాసి, తాడు తన మెడలో వేసుకుంది. పొడుగెక్కువై తాళంచెవి పొట్టదాకా వేలాడింది. ముడి వేసి పొట్టి చేసుకుంది.

"మీ పేరు అట్టమీదే ఉంచుతాం టీచరమ్మా. ఎడిల్మాది ఉంచారట కదా, నాన్న చెప్పాడు."

"ఏడాది ఆఖరు దాకానే. ఆ తర్వాత చెరిపెయ్యాలి, సరేనా?"

లుజ్దారీ జవాబు చెప్పలేదు. నిజం కానిది చెప్పకూడదు కదా. నోటుబుక్కు మూసి చంకలో పెట్టుకుని, చీకటి పడేలోపు కొండెక్కాలని తండ్రి తొందరపెడుతుంటే జీపువైపు నడిచింది.