పొడిబట్ట కట్టించిన మా అత్తగారు

మా అత్తగారు పోయారని నరసాపురం నుంచి కాలువ పడవలో వచ్చిన మా కొట్టు మనిషి చెప్పాడు. పడవ మేముండే రాజమహేంద్రవరం చేరేసరికి నరసాపురంలో దహనం కూడా అయిపోయిందట. మా వారు గోడకు చేరబడి కూలబడ్డారు. నాకు మాత్రం చాలాసేపు ఏడుపు రాలేదు. ఆవిడ నాకు చేసిన మేలు మా వారికి కూడా పూర్తిగా తెలియదు. ఇది ఆడవాళ్ళు చదివే పత్రిక కాబట్టి ఇక్కడ చెబుతున్నాను. ఆవిడే ఉంటే, “చెప్పవే, ఇందులో దాచుకునేది ఏముంది?” అనేవారు.

నేను కాపురానికి వెళ్ళిన ఏడాది వానలు ఒక పట్టాన వదలలేదు. వర్తకుల ఇల్లు. వీధివైపు కొట్టు, పెరటివైపు వంటిల్లు. ఎవరూ తాకకుండా దండెం మీద ఆరేసిన మడిచీర కట్టుకుని వంట చేయాలి. ముసురు పట్టిందంటే ఆ చీర ఆరదు. తడిపి పిండిన చీరతోనే పొయ్యి ముందు కూర్చునేదాన్ని. కొన్నాళ్ళకు చీర దోపుకునే చోట ఎర్రటి మచ్చ లేచింది. నడిమిభాగం మానినట్టే ఉండి, అంచు మాత్రం ఉబ్బి, గాజులా గుండ్రంగా పెరుగుతూ పోయింది. ఒకటే దురద. చాటుగా గోక్కుంటుంటే మామగారి అక్కగారి కంట పడ్డాను. చిన్నప్పుడే భర్త పోయి పుట్టింట ఉండిపోయిన మనిషి. ఇంట్లో ఆవిడ మాటే చెల్లేది.

“నీ కోడలికి పెద్దరోగంలా ఉందే. వంటింట్లోకి రానివ్వకు. పుట్టింటికి పంపించెయ్యి,” అన్నారావిడ మా అత్తగారితో. పెద్దరోగమంటే కుష్టు.

అత్తగారు నన్ను సామానుగదిలోకి తీసుకెళ్ళి తలుపు వేశారు. “ఏదీ, చూడనీయమ్మా,” అన్నారు. చూసి, తన చీర నడుము దగ్గర వదులు చేసి నా వైపు తిరిగారు. ఆవిడ నడుము చుట్టూ చర్మం నల్లగా మందమెక్కి ఉంది.

“నాకు మీ ఆయన పుట్టకముందు నుంచీ ఉందే. వైద్యుడంటే మగాడాయె, ఎలా చూపించుకోను? తగిరిసాకు నూరి నిమ్మరసంతో పట్టిస్తా. దురద పోతుంది. మానేస్తా. మళ్ళీ వానలొస్తే మొదలు. పెద్దరోగమే అయితే ఈపాటికి నేనేమైపోవాలి? ఏడవకు.”

తన కోసం అన్నేళ్ళూ గడప దాటని మనిషి, నా కోసం మర్నాడే బయలుదేరారు. ఊళ్ళో మిషన్ ఆసుపత్రికి కొత్తగా దొరసాని డాక్టరమ్మ వచ్చిందని విన్నారు.

“దొరల ఆసుపత్రికా? నలుగురూ ఏమనుకుంటారు?” అన్నారు మామగారు.

“పిల్లని పుట్టింటికి తోలేస్తే ఏమనుకుంటారో అది కూడా ఆలోచించండి,” అని అత్తగారు గొడుగు అందుకున్నారు.

డాక్టరమ్మ నన్ను కళ్ళు మూసుకోమని, కోడి ఈకతో మచ్చ మీద రాసింది. “తెలుస్తుందా, అమ్మా?” అంది. తెలుస్తోందన్నాను. “పెద్దరోగం మచ్చ అయితే సాధారణంగా స్పర్శ ఉండదు. ఇది తామర. తడిగోడ మీద బూజు పడుతుంది చూడండి, అలాంటిదే చర్మం మీద పెరుగుతుంది,” అని వచ్చీరాని తెలుగులో విడమరిచి చెప్పింది. అప్పుడు అత్తగారు మెల్లగా తనదీ చూపించారు. ఇంటి మనిషికి కాక మరొకరికి చూపడం అదే మొదలు.

గోవా పొడి అనే తామర మందు కలిపిన పసుపుపచ్చ లేపనం ఇచ్చింది డాక్టరమ్మ. ఆ బూజును పెరగనివ్వకుండా చేస్తుందట. మచ్చ అంచు దాటించి రాయాలి. దురద పోయింది కదా అని ఆపితే మిగిలిన బూజు మళ్ళీ లేస్తుంది, పాత చర్మం రాలి కొత్తది వచ్చేదాకా రాయాలి. ఇద్దరూ ఒకేసారి రాయాలి. కంటికి తగలకూడదు. “బట్ట తడిగా ఉంటే నా మందు ఏమీ చేయలేదు,” అని చివర్న అంది.

మందు మంట పెట్టేది, రాసిన చోటల్లా ఊదారంగు తేలేది. అవన్నీ ఓర్చుకోవచ్చు. తడిబట్ట సంగతే పెద్ద చిక్కు. అత్తగారు కుంపటి రాజేసి, మీద వెదురుబుట్ట బోర్లించి, మడిచీరలు తనే దాని మీద ఆరవేశారు.

“కుంపటి మీద ఆరిన బట్టతో వండితే నేను ముట్టను,” అన్నారు పెద్దావిడ, మామగారి అక్కగారు.

“ఎవరూ తాకని బట్టేగా వదినగారూ. నిప్పుకి లేని మైల దీనికెక్కడిదండీ?” అన్నారు అత్తగారు. గొంతు పెంచలేదు. మామగారి ముందు విస్తరి వేసి నిలబడ్డారు. ఆయన అక్కగారి వైపు చూశారు, భార్య వైపు చూశారు. తలొంచుకుని అన్నం కలుపుకున్నారు. పెద్దావిడ కొన్నాళ్ళు వేరే పొయ్యి పెట్టుకున్నారు.

చలికాలం వచ్చేసరికి నా మచ్చ పోయింది. అత్తగారిది మానడానికి మరికొంత పట్టింది. ఒక మధ్యాహ్నం పెద్దావిడ మా గది గుమ్మంలో నిలబడి, “ఆ మందు ఇంకా ఉందా?” అన్నారు, ఎటో చూస్తూ. ఆవిడకు వీపంతా ఉంది. చెయ్యి అందని చోట. అత్తగారు చెయ్యి కడుక్కుని వచ్చి, వెనక కూర్చుని రాశారు. పెద్దావిడ పోయేదాకా పాత మాటల ఊసే ఎత్తలేదు.

తరవాత తరవాత రేవు దగ్గర చేపలు పట్టే పల్లెవారి ఆడవాళ్ళు కూడా ఆవిడ కోసం పెరటి తలుపు తట్టేవారు. అందరికీ మందు ఇచ్చేసేవారు కాదు. “ఇది చీము పట్టింది, నా మందుకి లొంగదు, డాక్టరమ్మ దగ్గరికి పద,” అని కొందరిని వెంటబెట్టుకుని తీసుకెళ్ళేవారు. “దురదలన్నీ ఒకటి కావే,” అనేవారు నాతో.

కిందటి ఏడు చూడబోయినప్పుడు ఆవిడ పెరట్లో ఎండలో కూర్చుని ఉన్నారు. ఎదురుగా చేపలమ్మే మనిషి. రోజంతా నీళ్ళలో నాని ఆమె కాలివేళ్ళ సందులు తెల్లగా పాసిపోయాయి. “వద్దమ్మగారూ, నా కాలు మీరు పట్టుకోవడమేంటండీ,” అని ఆమె కాలు లాక్కుంటోంది. “కదలకే,” అని అత్తగారు ఆ పాదాన్ని తన ఒళ్ళో పెట్టుకున్నారు. కొంగుతో ఒక్కొక్క వేలి సందూ అద్ది, వేళ్ళు విడదీసి పట్టుకుని, తడి ఆరేదాకా నోటితో మెల్లగా ఊదుతూ ఉండిపోయారు.