కుడిచేతి లెక్క

పెళ్లికి ముందు నేను ఒక పరిశోధనశాలలో ఎలుకల చుట్లు లెక్కపెట్టేదాన్ని. మెదడు ఒకవైపు దెబ్బతిన్న ఎలుకకు ఒక మందు ఇస్తే అది ఒకే దిక్కుగా గుండ్రంగా తిరుగుతుంది. ఇంకా పుట్టని ఎలుకపిల్ల మెదడు నుంచి తీసిన కణజాలాన్ని అక్కడ నాటితే, వారాలు గడిచేకొద్దీ కొన్నిటిలో ఆ తిరుగుడు తగ్గేది. ఏ ఎలుకకు నాటారో లెక్కపెట్టే మాకు చెప్పేవారు కాదు. తెలిస్తే, తగ్గాలన్న ఆశ కొద్దీ కొన్ని చుట్లు కంటికి ఆనవు అనేవారు మా మేడమ్.

ఇంత తెలిసీ మా పాప విషయంలో తప్పాను. పుట్టుకలోనే మెదడుకు దెబ్బ తగిలి పాప కుడిచెయ్యి బలహీనపడింది. తాడేపల్లిగూడెం నుంచి ఏలూరు తీసుకెళ్లి వ్యాయామాలు చేయిస్తున్నాం. ఇంట్లో ఆ చెయ్యి ఎంత వాడుతోందో గమనించమన్నారు డాక్టరుగారు. వేళ్లు గిన్నెకు తగిలినా వాడినట్టే లెక్కేసుకున్నాను. బాగా వాడుతోందండీ అని చెప్పాను. ఆవిడ సంతోషించి వ్యాయామాలు తగ్గించారు. బయటికి రాగానే మావారు వాళ్లమ్మకు ఫోన్ చేసి, పాప చెయ్యి బాగుపడిందని చెప్పారు.

ఆదివారం కొల్లేరు దగ్గర అత్తగారి ఊరు వెళ్లాం. ఆరాధనలో అత్తయ్య లేచి, మనవరాలి చెయ్యి ప్రభువు బాగుచేశాడని సాక్ష్యం చెప్పారు. అందరూ స్తోత్రం అన్నారు. నేనూ అన్నాను. బయట చెప్పులు వేసుకుంటుంటే ఒక పెద్దావిడ, "ఏదీ, బాగుపడిన చెయ్యి చాపమ్మా" అంటూ పాపకు కుడివైపు నుంచి బిస్కెట్ అందించింది. పాప ఒళ్లంతా తిప్పుకుని ఎడమచేత్తో తీసుకుంది. కొత్త మనుషులని సిగ్గుపడుతోందిలే అని ఆవిడే సర్దిచెప్పింది.

అత్తయ్య నన్ను పక్కకు పిలిచారు.

"చెయ్యి ఇంకా రాలేదా అమ్మా?"

"లేదండీ అత్తయ్యా. వచ్చిందనే అనుకున్నాను."

"మరి నన్నెందుకు సాక్ష్యానికి నిలబడనిచ్చావు?"

తిరుగు ప్రయాణంలో చేపల చెరువుల వైపు చూస్తూ కూర్చున్నాను.

మర్నాడు డాక్టరుగారికి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆవిడ తిట్టలేదు. వ్యాయామాలు మళ్లీ పెంచారు. ఇకమీదట నేను లెక్కపెట్టనని, పాప తినేటప్పుడు ఫోన్లో తీసి పంపుతానని, మీరే చూసి చెప్పండని అడిగాను. సరేనన్నారు.

మొదటి వీడియోలో కుడిచెయ్యి ఒళ్లోనే ఉంది. చివర్లో ఒక్కసారి గిన్నెవైపు కదిలినట్టు ఉంది. ముందుదంతా కత్తిరించి ఆ ముక్క ఒక్కటే పంపుదామా అనిపించింది. కానీ మొత్తం పంపేశాను.

అత్తయ్య అడిగినదానికి జవాబు చెప్పడానికి మాత్రం ఇంకా ఫోన్ చెయ్యలేదు.