డొడొమా నుంచి పనిముట్ల పెట్టెతో

నేను సేవాభావంతో టాంజానియా వెళ్లానంటే మా హాస్టల్ వాళ్లెవరూ నమ్మరు. సివిల్ ఇంజనీరింగ్ చదివి, అమీర్‌పేటలో జావా నేర్చుకుంటున్న రోజులవి. మొదటి మూడు రోజులూ డెమో క్లాసులు ఉచితం కాబట్టి, మైత్రీవనంలోని ప్రతి ఇన్‌స్టిట్యూట్‌లోనూ మొదటి మూడు రోజుల జావా నాకు కంఠతా వచ్చు. నాలుగో రోజు ఏం చెప్తారో ఇప్పటికీ తెలియదు.

ఒక సాయంత్రం టీ కొట్టు గోడ మీద కాగితం కనిపించింది. ఇంజనీరింగ్ విద్యార్థులకు, పట్టభద్రులకు విదేశాల్లో ఆరు నెలల స్వచ్ఛంద సేవ. టికెట్టు, తిండి, బస వాళ్లవే. చివర్లో అనుభవ పత్రం ఇస్తారు. చేతిపంపుల మరమ్మతు తెలిసి ఉండాలి. అనుభవ పత్రం అన్న మాట దాటి నా కళ్లు కిందికి దిగలేదు. అది లేక అప్పటికి పదకొండు ఇంటర్వ్యూల్లో లేచి వచ్చాను.

వెనక గల్లీలో రెజ్యూమెలు టైపు చేసే ఆయన నా బాధ్యత తను తీసుకున్నాడు.

"పంపుల్లో రెండేళ్ల అనుభవం పెడతానండీ. మూడంటే డౌటొస్తుంది, ఒకటంటే జాలేస్తుంది."

పంజాగుట్ట చౌరస్తా దగ్గర చీరల దుకాణం పైన, మూడో అంతస్తులో ఇంటర్వ్యూ. పంపుల గురించి ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. "నీళ్లు సరిగ్గా దొరకని చోట ఉండగలరా?" అన్నారు. "అమీర్‌పేట హాస్టల్లో మూడేళ్లుగా ఉంటున్నానండీ" అన్నాను. సెలెక్టయ్యాను.

ఈ దారిన వెళ్లేవాళ్లకు ఒక మాట. ఎల్లో ఫీవర్ టీకా పది రోజుల ముందే వేయించుకోండి. టీకా వేశాక ఇచ్చే పసుపు పుస్తకం లేకపోతే తిరిగొచ్చాక మనవాళ్లే లోపలికి రానివ్వరు.

బయల్దేరిన రోజు ఉదయం ఐదింటికి ఆటో ఎక్కాం. అప్పట్లో విమానాశ్రయం బేగంపేటలోనే, అమీర్‌పేట పక్కనే. ఖండం దాటబోతున్నానన్న గాంభీర్యం తెచ్చుకునేలోపే దిగాల్సి వచ్చింది. ఇప్పుడు అక్కడి నుంచి ఆ విమానాలు లేవు. అటువైపు వెళ్లినప్పుడల్లా అంత దగ్గర్లో అంత దూరం ఉండేదా అనిపిస్తుంది. సాగనంపడానికి నా రూమ్మేట్ ఖాదర్ వచ్చాడు.

"బోరింగ్ ఎన్నడన్న సూసినవా భాయ్?"

"చూశాను. నీళ్లు తాగాను."

"మస్తు. గింతకన్న ఏం గావాలె?" అని నా బట్టల పెట్టె అందించాడు. ఆటో వైపు నడుస్తూ వెనక్కి తిరిగాడు. "జర పైలం. ఆడ నిజంగ నీళ్ల కోసం ఎదురు సూస్తుంటరు."

బొంబాయి మీదుగా దారెస్సలాంలో దిగేసరికి మధ్యాహ్నమైంది. మర్నాడు ఉదయం ఏడింటికి, మా సంస్థ ఆఫీసున్న డొడొమాకి బస్సు. ఎనిమిది గంటల ప్రయాణం. కిటికీల దగ్గర జీడిపప్పు, ఉడకబెట్టిన గుడ్లు అమ్ముతారు. పక్క సీటు పెద్దావిడ వచ్చీరాని ఇంగ్లీషులో, "ఇండియా నుంచా? కంప్యూటర్లు బాగుచేస్తావా?" అంది. "పంపులు" అన్నాను. ఎంతో గౌరవంగా రెండు గుడ్లు చేతిలో పెట్టింది. నా అబద్ధం మీద వచ్చిన మొదటి సంపాదన అదే.

డొడొమా ఆఫీసులో నీలం రంగు ఇనప పెట్టె ఇచ్చి సంతకం చేయించుకున్నారు. పనిముట్లు ఇంజనీరుతో వెళ్తాయి, ఇంజనీరుతోనే తిరిగొస్తాయి. అదీ అక్కడి రూలు. అక్కడి నుంచి వ్యానులో రెండు గంటలు వెళితే నా ఊరు.

ఊరికి ఒకటే పంపు. ధార నూలుపోగంత. పంపు చూసుకునే సంఘానికి పెద్ద రెహేమా అనే ఆవిడ. నేను రెహేమమ్మ అనేవాణ్ని, పలికేది. మర్నాడు తొమ్మిదింటికి ఊరంతా చుట్టూ నిలబడింది. నేను ఫొటో దిగి, బోల్టులు విప్పి, పైపు ఎత్తించి, ఏదో ఒకటి చేయాలి కాబట్టి పట్టుకున్నది వదిలాను. పైపులన్నీ ఒక్క ఊపున బోరులోకి జారిపోయాయి. ఉన్న నూలుపోగు ధార కూడా తెగిపోయింది.

జోకు వేద్దామంటే నాకు ఏ భాషలోనూ దొరకలేదు. ఇంగ్లీషు తెలిసిన స్కూలు టీచరుతో, "నాకు ఈ పని రాదని చెప్పండి. కాగితం మీదే వచ్చు" అన్నాను.

ఆయన చెప్పాడు. రెహేమమ్మ చాలాసేపు ఏదో అంది. ఆడవాళ్లంతా పగలబడి నవ్వారు. టీచరు దాన్నంతా రెండు ముక్కల ఇంగ్లీషులో తేల్చాడు: "ముందే తెలుసట. పని వచ్చినవాడు వాచీ తీసి జేబులో పెట్టుకుంటాడు. నువ్వు ఫొటో దిగావు."

"మరి ఎందుకు ఊరుకుంది?"

"నువ్వొస్తే గానీ పెట్టె రాదుగా."

పాత మెకానిక్ దగ్గర ఆమె ఏళ్ల తరబడి సాయం చేసింది. అతను పట్నం వెళ్తూ పనిముట్లు పట్టుకుపోయాడు. పని తెలిసిన మనిషి ఊళ్లోనే ఉంది, పనిముట్లు మాత్రం ఇంజనీరు కోసం డొడొమాలో ఎదురుచూస్తున్నాయి. ఆమె పెట్టెలోంచి కొక్కెం తీసి తాడుకు కట్టి మూడు రోజులు గాలం వేసింది. ఆ మూడు రోజులూ ఊరివాళ్లు ఏటి ఇసుకలో చెలమలు తవ్వుకున్నారు. నేనూ తవ్వాను. మూడో సాయంత్రం పైపులు పైకొచ్చాయి. అరిగిన తోలు వాషర్లు మార్చింది. నీళ్లు దూకాయి. మొదటి బిందె నా నెత్తి మీదే పోశారు, అది సన్మానమో శిక్షో టీచరు చెప్పలేదు.

ఆ తర్వాత ఐదు నెలలు చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగాం. ఆమె విప్పేది, నేను పైపు పట్టుకునేవాణ్ని. మధ్యాహ్నం చెట్టు నీడలో మొక్కజొన్న ముద్ద, చిక్కుళ్ల కూర. ఇప్పటికీ రోడ్డు పక్కన బోరింగు కనిపిస్తే, ముందు వాచీ తీయాలనిపిస్తుంది.

తిరుగు ప్రయాణంలో డొడొమా ఆఫీసరు, "పెట్టె ఏది?" అన్నాడు.

"ఇంజనీరు దగ్గరుంది."

నా ఫారంలో ఇంజనీరు పేరు దగ్గర రెహేమా అని రాశాను. ఎందుకో కూడా రాశాను. రెండేళ్ల అబద్ధం, జారిన పైపులు, మూడు రోజుల చెలమలు. ఆయన రెండుసార్లు చదివాడు.

"ఆమెకి సర్టిఫికెట్లున్నాయా?"

"లేవు సార్. నాకున్నాయి. పడేసింది నేనే."

"ఇది ఫైల్లో పెడితే నీకు అనుభవ పత్రం ఇవ్వలేను."

అమీర్‌పేట మొత్తం కళ్లముందు తిరిగింది. పదకొండు ఇంటర్వ్యూలూ తిరిగాయి. "పెట్టె అక్కడే ఉంటుందా?" అన్నాను.

"ఉంటుంది."

"అయితే ఫైల్లో పెట్టండి" అన్నాను.

దారెస్సలాం బస్సు పదింటికి కదిలింది. పక్క సీట్లో కోటు వేసుకున్న పెద్దమనిషి ఏం పని చేశావని అడిగాడు.

"ఆరు నెలలు పైపు పట్టుకున్నాను."

"ఆరు నెలలూ అదేనా? పట్టుకోకపోతే ఏమవుతుంది?"

"బోరులో పడుతుంది. తీయడానికి మూడు రోజులు పడుతుంది."

ఏ ఇంటర్వ్యూలోనూ నేను అంత ధీమాగా జవాబు చెప్పలేదు. ఆయన తలూపి, కాస్త జరిగి నాకు కిటికీ పక్కన చోటిచ్చాడు.