బేస్ తిప్పితే ఆనయ్యే కంప్యూటర్

మట్టయ్యకు ఏ వస్తువైనా దాని సొంత డబ్బాలో ఉంటే నచ్చదు.

దిల్‌సుఖ్‌నగర్లో కార్లకు స్టీరియోలు బిగించే షాపు ఆయనది. అక్కడ రేడియో ప్రెషర్ కుక్కర్లోంచి మోగుతుంది. వనస్థలిపురంలో ఇంట్లో అయితే మరీ ఘోరం. భార్య కౌసల్యమ్మ చాయ్‌పత్తా డబ్బా తెరిస్తే మేకులుంటాయి, మేకుల డబ్బా తెరిస్తే చాయ్‌పత్తా ఉంటుంది. అడిగితే ఒకటే జవాబు: "దేని డబ్బల అది ఉంటే ఏం మజా?"

పై వాటాలో కిరాయికుండే సూర్యప్రభది భీమవరం. చెప్పులు కూడా వరసగా పేర్చుకునే మనిషి. ఇంట్లో దిగిన రోజే ఉత్తరాల డబ్బాలో చెయ్యి పెడితే కాలింగ్ బెల్ మోగింది. ఆ అదురు ఆవిడకి చాన్నాళ్లు పోలేదు.

సకల జనుల సమ్మె నాటికి దానికి ఇంకో అదురు తోడైంది. మట్టయ్య ఉద్యమం మనిషి. జీపు మీద మైకులు కట్టి, ఎల్బీనగర్ చౌరస్తాలో "జై తెలంగాణ" అంటే నాగోలు దాకా వినపడాలని ఆయన పంతం. అలాంటి మనిషి ఇంట్లో కోస్తా నుంచి వచ్చిన తను. ఏ రోజు ఖాళీ చెయ్యమంటాడోనని సూర్యప్రభ బిక్కుబిక్కుమంటూ ఉండేది.

అప్పుడే కరెంటు కోతలు మొదలయ్యాయి. ఒకరోజు పోయిన కరెంటు పోయినట్టుండక, ఒక్కసారిగా వచ్చి ఆవిడ కంప్యూటర్ని మాడ్చేసింది. కోచింగ్ సెంటర్లకు ప్రశ్నపత్రాలు టైపు చేసి బతికే మనిషి. ఎల్లుండి పొద్దున్నకల్లా మోడల్ పేపర్లు ఇవ్వకపోతే ఆ పని ఇంకొకరికి పోతుంది, తను పెట్టె సర్దుకుని భీమవరంలో అన్నగారింట పడాలి. చూస్తే ఊరంతా బంద్. మెట్ల మీద కూర్చుని ఏడ్చేసింది.

మట్టయ్య చూశాడు. ఓదార్పులూ గీదార్పులూ ఏమీ లేవు. పైకెళ్లి, మాడిన కంప్యూటర్ని భుజాన వేసుకుని కిందికి పోయాడు.

మరునాడు మధ్యాహ్నానికి కారు ఆంప్లిఫైయర్ ఒకటి తెచ్చి ఆవిడ బల్లమీద పెట్టాడు. నల్లటి అల్యూమినియం పెట్టె, వీపంతా గట్లు గట్లుగా ఉంది.

"ఇదేంటి అన్నయ్యగారూ?"

"నీ కంప్యూటరే చెల్లె. కారు బ్యాటరీ మీద నడుస్తది. బేస్ తిప్పు, ఆనైతది."

భయంభయంగానే బేస్ అని రాసున్న నాబ్ తిప్పింది. నిజంగానే ఆనయ్యింది. స్క్రీను మాత్రం కార్లో పెట్టే బుల్లి టీవీ. దాన్ని తన పెళ్లి ఫోటో ఫ్రేములో బిగించాడు మహానుభావుడు. మరి పెళ్లి ఫోటో ఏమైందని కౌసల్యమ్మ కింద వెతుకుతోంది, అది బిస్కెట్ డబ్బాలో ఉందట. మాడిన కంప్యూటర్ డిస్కు కూడా ఈ నల్ల పెట్టెలోనే పెట్టడంతో, టైపు చేసిందంతా భద్రంగా ఉంది.

ఈ పెట్టే ఎందుకని అడిగింది సూర్యప్రభ. ప్లాస్టిక్ డబ్బాలో పెడితే వేడికి కరిగిపోయిందని, ఈ గట్లయితే వేడిని లాగేస్తాయని చెప్పాడు. ఖాళీ డబ్బా, ఊకెనే పడి ఉందని కూడా అన్నాడు.

సాయంత్రం వీధిలోంచి ర్యాలీ పోయింది. కిటికీలోంచి చూస్తే జీపు మీద మైకులున్నాయి గానీ కిక్కురుమనడం లేదు. మట్టయ్య అడుగు కోసేసిన ప్లాస్టిక్ బకెట్ నోటికి పెట్టుకుని అరుస్తున్నాడు. నాగోలు సంగతి దేవుడెరుగు, వీధి చివరికి కూడా సరిగ్గా వినపడలేదు.

కిందికి వెళ్లి అడిగితే కౌసల్యమ్మ పప్పు ఏరుతూ చెప్పింది.

"నీ బల్ల మీద ఉన్నది గా మైకుల ఆంప్లిఫైయరేనమ్మ. నిన్నటిదాక మంచిగ మోగింది. దాని పేగులన్ని తీసి నా బియ్యం డబ్బల పోసిండు. నీ మైకు ఎట్ల మరి అంటే, తెలంగాణ ఎట్లయినా ఒస్తది, చెల్లె పని పోతే మల్ల రాదన్నడు."

సూర్యప్రభ పైకెళ్లి కూర్చుని టైపు చేసింది. పొద్దున్నే పేపర్లు దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటరుకు చేరాయి, పని నిలబడింది. ఖాళీ చెయ్యమంటాడేమోనన్న భయం ఎప్పుడు పోయిందో ఆవిడకే తెలీదు.

తిరిగొచ్చి మిరియాల పాలు కాచి కిందికి తీసుకెళ్లింది. మట్టయ్య మెడకి మఫ్లర్ చుట్టుకుని కూర్చున్నాడు.

"గొంతు ఏమైంది అన్నయ్యగారూ?"

"గొంతు వేరే డబ్బల పెట్టిన చెల్లె," అన్నాడు, గుసగుసగా.

ఆవిడ గ్లాసు చేతికిచ్చింది. పాలు పాల గ్లాసులోనే ఉన్నాయి. ఆ లోటొక్కటే ఆయన మొహంలో కనిపించింది.